పిల్ల "ఏర్" అని రాసింది, నేను తప్పు కొట్టిన. ఇప్పుడేం చెయ్యాలె?

ప్రశ్న: పెద్దపల్లి టీచరమ్మ

అందరికీ నమస్తే. ఉట్నూరు దిక్కు ఒక ఆశ్రమ పాఠశాలల జూన్ నుంచి పనిచేస్తున్న. నాది మూడో తరగతి. ముప్పై ఒక్కమంది పిల్లలు, ఇద్దరు తప్ప అందరూ గోండు పిల్లలే. ఇక్కడ ఆదివాసీ బడులల్ల పనిచేసినోళ్ళు ఉన్నరని తెలిసి రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఓపికతోని చదవండి.

పోయిన నెల చిన్న పరీక్ష పెట్టిన. బొమ్మలు చూసి పేర్లు రాయాలె. ఒక బొమ్మల గ్లాసు నిండ నీళ్ళున్నయి. ఒక పిల్ల దాని కింద "ఏర్" అని రాసింది. ఏరు రాయబోయి కొమ్ము మరిచిపోయిందనుకున్న. తప్పు కొట్టి ఊకోలేదు, అందరి ముందట చదివి, "గ్లాసుల ఏరు ఎట్ల పారుతదే?" అన్న. గోండులు కాని ఆ ఇద్దరు పిల్లలు పకపక నవ్విండ్రు. మిగిలినోళ్ళంత తలకాయ దించుకున్నరు. ఆ పిల్ల ఆనాటి నుంచి నా క్లాసుల నోరు తెరువలేదు. హాజరు పిలిస్తే చెయ్యి లేపుతది, అంతే.

వారం కింద వంటింటి కాడ నల్లా దగ్గర నిలబడ్డ. మా వంట చేసే అక్క గోండు ఆమె. బకెట్ చూపిచ్చి తన బిడ్డకు ఏందో చెప్తున్నది, అండ్ల "ఏర్" అన్న మాట ఇనబడ్డది. అడిగితే చెప్పింది: నీళ్ళను వాళ్ళు ఏర్ అనే అంటరట. పిల్ల రాసింది కరెక్టే. మా ఇద్దరిల తెల్వనిదాన్ని నేను.

ఇంకొకటి. మా తోటి సార్ ఒకాయన ఒక పిలగాన్ని గోడ కుర్చీ ఏయించిండు. ఎందుకంటే వాడు నా గురించి "మేడం అది వచ్చింది" అన్నడట. "వీళ్ళకు మర్యాద అంటే తెల్వది, భాషనే రాదు" అన్నడు సార్. నిజం చెప్పాలంటే నాకు కూడ మనసుల కలుక్కుమన్నది. అందుకే అడ్డం పోలేదు.

మూడోది ఇంకా కాలేదు, అయితది. వార్షికోత్సవానికి "గిరిజన నృత్యం" పెట్టాలని మా హెడ్మాస్టర్ అన్నడు. టౌనుల కిరాయికి దొరికే ప్లాస్టిక్ ఆకుల లంగాలు, నెత్తికి ఈకలు, మొహానికి నల్ల రంగు. లిస్టు రాసే పని నాకే ఇచ్చిండు. నేను ఈ నాలుగు నెలలల్ల ఒక్క గోండు మనిషి కూడ ఆకులు కట్టుకున్నది చూడలేదు.

నేను చదువుకున్నది కోస్తాల ఒక పట్నంల. హాస్టల్ల మొదటి రోజు "సాయమాన్ల కూసున్న" (వసారాల కూసున్న) అంటే రూం అంతా నవ్వింది. ఒక లెక్చరర్ "ముందు తెలుగు నేర్చుకోమ్మా" అన్నడు. పదేండ్లు దాటింది, ఆ మాట ఇంకా నన్ను పొడుస్తనే ఉంటది. మరి అదే మాట ఈ ఎనిమిదేండ్ల పిల్లకు నేను ఎట్ల అన్న? నా నోట్లకెళ్ళి ఎట్ల వచ్చింది? రాత్రి నిద్ర పడ్తలేదు.

ఆ పిల్లతోని మల్ల ఎట్ల మాట్లాడించాలె? హెడ్మాస్టర్‌కు ఏం చెప్పాలె? గోండి ఎక్కడి నుంచి మొదలుపెట్టి నేర్చుకోవాలె?

జవాబు: నిర్మల్ పాత పంతులు

బిడ్డా, నీ పోస్టు రెండుసార్లు చదివిన. నేను 1986ల జైనూరు దిక్కు ఏకోపాధ్యాయ బడిల చేరిన. నువ్వు నాలుగు నెలలల్ల తెలుసుకున్నది నాకు తెలిసేసరికి ఏడాదిన్నర పట్టింది.

అప్పుడు నా బడిల నాలుగో తరగతి పిలగాడు ఒకడుండె. ఏమడిగినా మొహం చూసేది, మాట లేదు. వానికి తెలివి తక్కువని నేను రాసిపెట్టుకున్న. ఒక అంగడి నాడు వాడు నాకు ఎదురుపడ్డడు. వాళ్ళమ్మ పెసలు అమ్మ తెచ్చింది. వాడు అమ్మతోని గోండిల మాట్లాడి, సేటుతోని మరాఠీల బేరం చేస్తున్నడు. తూకంల తేడా వస్తే పట్టుకున్నడు. పక్కనే ఒక లంబాడ ముసలమ్మ ఏందో అడిగితే ఆమె మాటల్నే జవాబు చెప్పిండు. గాజులమ్మే సాయిబుతోని ఉర్దూ. నేను చింతచెట్టు కింద నిలబడి లెక్క పెట్టుకున్న, నాలుగు భాషలు! నాకు వచ్చింది తెలుగు ఒకటి, ఉర్దూ సగం. వానికి రానిది నా ఒక్క భాష. దాన్నే నేను తెలివి అనుకున్న.

ఆనాడు సాయంత్రం వాళ్ళ తాత దగ్గర పోయి కూసున్న. అంకెలతోని మొదలుపెట్టినం. ఉండి, రండు, మూండు, నాలుంగు, సైయుంగు, సారుంగు, ఏడుంగు. ఊరు మారితే పలుకు కొంచెం మారుతది. ఒక్కసారి పైకి చదువు బిడ్డా. మూడు, నాలుగు, ఆరు, ఏడు ఇనబడుతలేవా? తెలుగు, గోండి ఒక్క కడుపున పుట్టిన భాషలు. భాషా శాస్త్రంల రెండిటినీ ద్రావిడంల ఒకే కొమ్మ మీద పెడ్తరు. ఆ పిల్ల రాసిన "ఏర్", నువ్వు అనుకున్న "ఏరు" పరాయి మాటలు కావు. వాళ్ళకు నీళ్ళయింది, మనకు పారే నీళ్ళయింది.

ఇగ "అది" సంగతి. మీ తోటి సార్‌కు ఇది నిదానంగ చెప్పు. గోండిల మగవానికి "ఓర్" అంటరు. ఆడమనిషికైనా, ఎద్దుకైనా, చెట్టుకైనా "అద్" అంటరు. అదే వాళ్ళ వ్యాకరణం. వాడు తన భాషల నుంచి నీ భాషలకు సాఫ్‌గ అనువాదం చేసిండు, తిట్టలేదు. మన తెలుగునే చూడు. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది. క్రియ ఏమన్న మారిందా? మనం "ఆమె" అని ఒక మాట వేరే పెట్టుకున్నం గనుక మనకు "అది" తిట్టయింది. వాళ్ళ గౌరవం ఆ మాటల ఉండదు, ఇంకో చోట ఉంటది. ఊరికి ఎవరన్న వస్తే చిన్న పిల్లలు కూడ ఒక్కొక్కరి ముందట నిలబడి "రామ్ రామ్" చెప్తరు, ఒక్కరిని కూడ వదిలిపెట్టరు. నా బడి ముందర నుంచి పోయే అధికారులు ఎన్నడూ పిల్లలకు తిరిగి రామ్ రామ్ చెప్పంగ నేను చూడలేదు. మర్యాద ఎవరికి రాదో నువ్వే చెప్పు.

వాళ్ళ భాషల చదువు చెప్పుడు కొత్త ముచ్చట కాదు. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీంను చంపినంక, ఈ అడవుల మనుషులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకుందామని నిజాం సర్కారు హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుని సాయం తీసుకున్నది. ఆయన మార్లవాయి అనే గోండు ఊర్ల గుడిసె వేసుకుని ఉన్నడు. 1943ల అక్కడ గోండు పిలగాండ్లనే పంతుళ్ళుగ తయారుచేసే కేంద్రం మొదలుపెట్టిండ్రు. వాచకాలు గోండిల, లిపి మాత్రం హిందీ రాసే నాగరి. ఆ కేంద్రంల చదివి పంతులైన ఒక పెద్దాయనను నేను చేరినప్పుడు చూసిన. "మా పిల్లలు అప్పుడు బడికి ఉరికొచ్చేది సార్" అనేది ఆయన. తర్వాత పంతుళ్ళు కింది ఊర్ల నుంచి వచ్చిండ్రు, నా అసొంటోళ్ళు. అందరి మధ్య తెలుగే నిలబడ్డది.

2004ల ఉమ్మడి రాష్ట్రంల మల్ల ఒక ప్రయత్నం జరిగింది. గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషలల్ల చిన్న తరగతుల వాచకాలు తయారుచేసిండ్రు. లిపి తెలుగే, మాట వాళ్ళది. మీ బడి బీరువాల పాత కట్టలు వెతుకు. ఉట్నూరు ఐటీడీఏల, అంటే గిరిజన అభివృద్ధి ఆఫీసుల, అడుగు. దొరికితే నీకు అంతకంటె మంచి మొదలు లేదు.

ఆకుల లంగాల మాట చదివి నాకు నెత్తురు మసిలింది. ఆదిలాబాద్ గోండు ఆడవాళ్ళు తొమ్మిది గజాల చీర కాసె పోసి కడ్తరు. మగవాళ్ళు ధోతి, రుమాలు. ఆకులు కట్టుకున్న గోండు సినిమాలల్ల ఉన్నడు, ఊర్ల లేడు. ఆ లిస్టు నువ్వు రాయకు.

జవాబు: గోదావరి వాసు

టీచర్ గారి బాధ అర్థమైంది. ఆకుల లంగాలు, గోడ కుర్చీ తప్పే, అందులో వాదన లేదు. కానీ పెద్దాయన చెప్పిన రెండో సంగతి మీద నాకు సందేహం ఉందండి. పిల్లల్ని గోండిలో చదివిస్తే పదో తరగతి తర్వాత వాళ్ళ గతేంటి? ఉద్యోగ పరీక్ష గోండిలో ఉండదు. బ్యాంకులో కాగితం గోండిలో ఉండదు. మా తాతగారు చదువు లేక కూలికి పోయారు. మా నాన్న ఇంగ్లీషు మీడియంలో వేశారు కాబట్టి నేను ఈరోజు బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాను. వాళ్ళ సంస్కృతిని కాపాడదామని మనం ప్రేమతో చేసేది వాళ్ళని అక్కడే ఉంచేస్తుందేమో అని నా భయం.

జవాబు: జైనూరు తమ్ముడు

నేను గోండును. డిగ్రీ చివరి సంవత్సరం, హైదరాబాద్‌ల చదువుతున్న. వాసు అన్నా, మీరు మంచి మనసుతోనే అడిగిండ్రు కాబట్టి జవాబు రాస్తున్న.

నేను తెలుగు నేర్చుకోలేదా? ఇది తెలుగుల్నే రాస్తున్న గదా. తెలుగు వద్దని మా ఊర్ల ఎవ్వరూ అనరు. కానీ నాకు ఒకటో తరగతిల పంతులు మాట అర్థమైతే, నేను రెండేండ్లు ఊకెనే కూసునేది ఉండకపోవు. నాతోని పదిమంది బడికి పోయినం, పదో తరగతి పాసైంది ఇద్దరం. ఆ ఎనిమిది మంది మొద్దులు కాదు. ఒకడు ఇప్పుడు ట్రాక్టర్ ఇంజను విప్పి మల్ల బిగిస్తడు. వాళ్ళు మొదటి రెండేండ్లల్లనే "మాకు చదువు రాదు" అని నమ్మేసిండ్రు. నమ్మించింది బడి. ఇంటి మాటతోని మొదలుపెట్టి తెలుగుకు, ఇంగ్లీషుకు తీసుకపోమ్మనే మేము అడిగేది.

ఇంకో సంగతి. 2011 జనాభా లెక్కలల్ల గోండి మాట్లాడేటోళ్ళు 29 లక్షలు దాటిండ్రు. డోగ్రీ, కొంకణి, మణిపురి మాట్లాడేటోళ్ళ కంటె ఎక్కువ. ఆ మూడూ రాజ్యాంగం భాషల పట్టిక, ఎనిమిదో షెడ్యూల్‌ల ఉన్నయి, మా భాష లేదు. ఐదారు రాష్ట్రాలల్ల చెదిరిపోయినం కాబట్టి ఎవ్వరికీ సొంతం కాలేదు. "గోండికి లిపి లేదు, అది భాష కాదు, యాస" అని మా ఇంటర్ కాలేజీల ఒక సార్ బోర్డు మీద రాసి మరీ చెప్పిండు. నార్నూరు మండలం గుంజాలల పాత రాతప్రతులు దొరికినయి, మాకు సొంత లిపి ఉన్నది. 2018ల అది కంప్యూటర్ అక్షరాల పట్టిక యూనికోడ్‌ల కూడ చేరింది. ఆనాడు సార్‌కు చెప్పేటందుకు నాకు ఈ సంగతి తెల్వదు. తలకాయ దించుకుని రాసుకున్న.

మేడం, హాస్టల్ల నన్ను అడిగిన మొదటి ప్రశ్న "మీరు పచ్చి మాంసం తింటరా?" అని. రెండోది, "కోయ డాన్స్ చెయ్యి". మావోళ్ళు చేసేది గుస్సాడి. దీపావళి దిక్కు దండారి పండుగల, దేవుని పూజ చేసి మొదలుపెట్టి, కోలబోడి అనే ఆఖరి పూజతోని ముగిస్తరు. ఆ రోజులల్ల నెమలీకల టోపీ పెట్టుకున్న మనిషి ఉత్త మనిషి కాదు, దేవుని లెక్క. మా బాబాయి ఆ టోపీ కింద పెట్టంగ నేను ఎన్నడూ చూడలేదు. మార్లవాయి కనకరాజుకు 2021ల పద్మశ్రీ వచ్చింది ఈ ఆటకే. దాన్ని ఫిబ్రవరిల స్టేజి మీద నల్ల రంగు పూసి ఆడించొద్దని మీ హెడ్మాస్టర్‌కు చెప్పండి. పిల్లలతోని ఆడించాలంటే డెంసా ఉన్నది, ఆడపిల్లలు మగపిల్లలు కలిసి వేస్తరు, చూడ సక్కగుంటది.

ఇది కూడ రాయాలె, లేకపోతే నేను సగమే చెప్పినట్టు. మా దగ్గర కూడ ఇదే రోగం ఉన్నది. మా దేవుళ్ళ కథలు పాడేటోళ్ళు ప్రధానులనే కులపోళ్ళు. కిక్రి అనే తీగల వాయిద్యం వాయించి వాళ్ళు పాడకపోతే మాకు పూజ లేదు. కానీ వాళ్ళ చేతి నీళ్ళు తాగని గోండు ముసలోళ్ళను నేను చిన్నప్పుడు చూసిన. 2017ల లంబాడోళ్ళతోని గొడవలైనప్పుడు మా హాస్టల్ల మెస్సు రెండయింది. వాళ్ళు ఒక దిక్కు, మేము ఒక దిక్కు. రిజర్వేషన్ల వాటా గురించి మాకున్న బాధ నిజమైంది, నేను ఇప్పటికీ అంట. కానీ నా పక్క మంచం మీద మూడేండ్లు పండుకున్న దోస్తును వాళ్ళ జాతి పేరు పెట్టి అనకూడని మాట అన్న. వాడు మల్ల నాతోని మాట్లాడలేదు. వాటా అడిగేటందుకు ఆ మాట నాకు అక్కర లేకుండె.

జవాబు: కరీంనగర్ సోషియాలజీ

టీచర్ గారూ, మీ ప్రశ్నలో "నా నోట్లకెళ్ళి ఎట్ల వచ్చింది" అన్న మాట దగ్గర ఆగిపోయాను. తన గుంపు పద్ధతిని నడిమధ్యన పెట్టి, మిగతా అందరినీ దాంతోనే కొలవడాన్ని అమెరికా సామాజిక శాస్త్రవేత్త సమ్నర్ 1906లో ఎత్నోసెంట్రిజం అన్నాడు. మేము క్లాసులో స్వజాతి కేంద్రవాదం అని చెప్తాం. దానికి ద్వేషం అవసరం లేదు. మీకు ఆ పిల్ల మీద ద్వేషం లేదు కదా. కొలబద్ద మీ చేతిలో ఉన్న సంగతి మీకు కనబడలేదు, అంతే. మిమ్మల్ని నవ్విన హాస్టల్ వాళ్ళకూ కనబడి ఉండదు.

మీ సార్‌కు ఇంకొకటి చెప్పవచ్చు. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ వాళ్ళు అని సగలు, అంటే వంశాల గుంపులు, ఉంటాయి. ఒకే సగ వాళ్ళు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే, పెళ్ళి కుదరదు. మేనత్త, మేనమామ పిల్లలు వరస అవుతారు. ఇది మన ఇంటిపేర్లు, గోత్రాలు, వావివరసల లెక్కే కదా. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం అనే గోండు వంశం వాళ్ళు కొత్త కోడళ్ళను దేవుడికి చూపించి పెద్దలకు పరిచయం చేస్తారు. మనం కొత్త కోడలిని గుడికి తీసుకెళ్ళమా?

రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్న వాళ్ళ పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందే ఏర్పాటు రాష్ట్రం చూడాలంటుంది. హెడ్మాస్టర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

జవాబు: గోదావరి వాసు

తమ్ముడూ, పదిమందిలో ఇద్దరు అన్నావు, అది నాకు తగిలింది. ఇంటి మాటతో మొదలుపెట్టి తెలుగుకి తీసుకెళ్ళడం అంటే నాకు అభ్యంతరం లేదు. గోండి వచ్చిన టీచర్లు సరిపడా దొరుకుతారా అన్న భయం మాత్రం ఇంకా ఉంది.

జవాబు: జైనూరు తమ్ముడు

అన్నా, మా ఊర్లనే డీఎడ్ చేసి ఖాళీగ ఉన్నోళ్ళు ముగ్గురున్నరు.

ప్రశ్న అడిగినవారు: పెద్దపల్లి టీచరమ్మ

పది రోజులైంది, అందుకే మల్ల రాస్తున్న.

సోమవారం ఆ పిల్ల పరీక్ష పేపరు తీసి, అందరి ముందట తప్పు గుర్తు కొట్టేసి మార్కు వేసిన. "నీళ్ళను గోండిల ఏర్ అంటరు. నాకు తెల్వక తప్పు కొట్టిన. తప్పు నాది" అన్న. మొత్తం క్లాసు బిత్తరపోయి చూసింది. టీచర్ తప్పు ఒప్పుకుంటదని వాళ్ళు ఎన్నడూ చూసినట్టు లేరు. ఆ పిల్ల ఏం మాట్లాడలేదు. నేను ఏడ్వకుండ ఆపుకునుడే కష్టమైంది.

బోర్డు సగానికి గీత గీసిన. ఒక దిక్కు తెలుగు, ఒక దిక్కు గోండి. తెలుగు మాట నేను రాస్త, గోండి మాట వాళ్ళు చెప్పాలె, తెలుగు అక్షరాలతోనే. మొదటి రోజు ఇద్దరే చెప్పిండ్రు. రెండో రోజు కుక్క బొమ్మ పెడితే "నై" అని ఒకేసారి పదిమంది ఒర్రిండ్రు. నా పలుకు విని ఒకటే నవ్వుడు. నన్ను నవ్వితే నాకు పాత కోపం రాలేదు, అది నాకే ఆశ్చర్యమనిపిచ్చింది. శుక్రవారం నాడు బోర్డు మీద "ఇల్లు" రాసి తిరిగి చూస్తే ఆ పిల్ల నిలబడి ఉన్నది. "రోన్" అన్నది. సన్నగ. మూడు సార్లు పలికిచ్చింది నాతోని, నాకు సరిగ్గ వచ్చేదాక కూసోలేదు.

తోటి సార్‌కు అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది సంగతి చెప్పిన. కాసేపు ఏమనలేదు. తర్వాత "మరి ఇదంత మాకు ట్రైనింగుల ఎవ్వరు చెప్పలేదు మేడం" అన్నడు. పిలగానికి ఏమన్న చెప్పిండో లేదో తెల్వది. గోడ కుర్చీ అయితే మల్ల ఏయించలేదు.

హెడ్మాస్టర్ ఇంకా పూర్తిగ ఒప్పుకోలేదు. "ఆకులు లేకపోతే గిరిజనులని ముఖ్య అతిథికి ఎట్ల తెలుస్తది?" అన్నడు. ఆయన మంచోడే, పిల్లల అన్నం విషయంల ఎవ్వరితోనైన కొట్లాడుతడు. కానీ ఈ మాట అన్నడు. వంటక్కను పిలిచి ఆయన ముందటనే అడిగిన. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అది మేము కాదు సార్" అన్నది. ఆడపిల్లలకు తొమ్మిది గజాల చీరలు ముసలమ్మలనడిగి ఆమెనే తెస్త అన్నది, కట్టుడు కూడ ఆమెనే చూసుకుంటదట. ఆకుల ఆర్డరు మాత్రం ఇంకా రద్దు కాలేదు. రేపు మల్ల అడుగుత.

పంతులు సార్, బీరువాల పాత గోండి వాచకాలు పద్నాలుగు దొరికినయి. చెదలు అంచులు తిన్నయి, లోపల మంచిగనే ఉన్నయి.

ఒక సందేహం. మీరు రాసిన అంకెలు పిల్లలు ఏడు దాక చెప్తున్నరు. ఎనిమిది నుంచి "ఆఠ్, నౌ, దహా" అంటున్నరు. మరాఠీ గదా అది? సరిచెయ్యాల్నా, అట్లనే రాయాల్నా?

జవాబు: జైనూరు తమ్ముడు

అట్లనే రాయండి మేడం. మా ఇంట్ల కూడ ఏడు దాకనే గోండి, ఆ తర్వాత అంగడి లెక్క. మా అవ్వకు ఎనిమిదికి గోండి మాట తెలుసు, చిన్నప్పుడు విన్న, యాదికి వస్తలేదు. ఆదివారం ఇంటికి పోతున్న. అడిగి ఇక్కడనే రాస్త.